మిట్ట బడి పిల్లలు

దుప్పటి సగం లోపలికి వెళ్లాక ఇస్త్రీ మిషన్ ఆగిపోయింది. ఆవిరి మాత్రం ఆగలేదు. ఆస్పత్రి లాండ్రీలో పొద్దుటినుంచి ఇదే వరస. ఆమె దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని వెనక్కి గుంజింది. వేడి రేకు మోచేతి కింద తగిలి చర్మం చుర్రుమంది.

"కాలిందా?" అని అవతలి కొస పట్టుకున్న తోటి మనిషి అరిచింది.

"గుడ్డ కాలలేదులే" అంది ఆమె.

ఆస్పత్రి దుప్పటి కాలితే జీతంలో కోత పెడతారు. చెయ్యి కాలితే పెట్టరు. అందుకే అక్కడ పనిచేసే ఆడవాళ్లందరి మోచేతుల కిందా నల్లటి చారలుంటాయి. దుప్పట్లు మాత్రం తళతళలాడుతుంటాయి.

కుళాయి కింద చెయ్యి పెట్టుకుని, తడి ఆరకముందే సూపర్‌వైజరు గదిలోకి వెళ్లింది. సగం పూట సెలవు కావాలంది. వచ్చే ఏడాది కూతుర్ని ఆరో తరగతిలో వేయడానికి బడి చూసుకోవాలంది.

"ఇవాళే చూడాలా? బడి ఎక్కడికి పోతుంది?" అన్నాడతను.

"బడి ఎక్కడికీ పోదు సార్. గది పోతుంది."

అతనికి అర్థమైంది. ఆ ఊళ్లో పిల్లలున్న వాళ్లెవరికైనా అర్థమవుతుంది. ఊరు రెండు భాగాలు. మిట్ట మీద ఒక సర్కారు హైస్కూలు, పల్లంలో ఒక సర్కారు హైస్కూలు. రెంటికీ డబ్బిచ్చేది ఒకే సర్కారు. కానీ మిట్ట బడిలో ఏళ్ల తరబడి ఒక్క పిల్లకూడా పదో తరగతి తప్పలేదు. పల్లం బడిలో సగం మంది తప్పుతారు. ఏ వీధిలో కాపురముంటే ఆ వీధి బడిలోనే సీటు. అందుకని మిట్ట మీద కోళ్లగూడంత గదికి కూడా పోటీ. ఇప్పుడొక గది ఖాళీ అయింది. తీసుకునేదీ లేనిదీ మర్నాటి ఉదయానికల్లా చెప్పమన్నారు ఇంటి ఓనరు. దాని అద్దెకి ఆమె జీతం మొత్తం పోతుంది. మొగుడి సంపాదనతో తినాలి.

"సగం పూట జీతం కట్" అన్నాడు సూపర్‌వైజరు.

"సరే సార్."

బయట గేటు దగ్గర భర్త స్కూటరు మీద కాలు ఆన్చి ఉన్నాడు. టైల్స్ మేస్త్రీ. ఇరవై ఏళ్లుగా మోకాళ్ల మీద పాకుతూ ఇతరుల ఇళ్లకు నేలలు పరిచాడు. ఇప్పుడు ఆ మోకాళ్లు మెట్లెక్కేటప్పుడు టక్కుమంటాయి. వెనక సీటు మీద కూతురు. పదకొండేళ్లది, ఒకచోట కుదురుగా ఉండదని ఇంట్లో అందరూ బొంగరం అంటారు.

"అమ్మా, చెయ్యేంటి అంత ఎర్రగా?"

"గోరింటాకు పెట్టుకున్నా. జరుగు."

*

మిట్ట బడిలో అడుగు పెట్టగానే మేస్త్రీ వరండాలో గొంతుక్కూర్చుని వేలి కణుపుతో నేల మీద కొట్టి చూశాడు.

"ఒక్కటి కూడా బోలుగా లేదు. చూశావా? ఎవరో మన లాంటోడే మనసుపెట్టి పరిచాడు."

"నేల చూడ్డం ఆపి పైకి చూడయ్యా, ఎవరైనా చూస్తే నవ్విపోతారు" అంది ఆమె. కానీ తనకూ ముచ్చటగానే ఉంది. లేబొరేటరీలో గాజు సీసాలు వరసగా ఉన్నాయి. లైబ్రరీ తలుపు తీసి ఉంది, లోపల పిల్లలు నిజంగానే చదువుతున్నారు. మెరూన్ రంగు యూనిఫారం వేసుకున్న ఇద్దరమ్మాయిలు ఎదురుపడి, ఎవరూ చెప్పకుండానే "నమస్తే అండీ" అన్నారు. లాండ్రీ మనిషికి అండీ అన్నవాళ్లు ఆమెకి ఈ మధ్య ఎవరూ తగల్లేదు.

ఆమె చదివింది పల్లం బడిలో, ఎనిమిదో తరగతి దాకా. ఆ ఏడాది లెక్కల టీచరు లేడు. లెక్కల పీరియడ్‌లో పిల్లలచేత మైదానంలో రాళ్లు ఏరించారు. ఏడాదంతా ఏరినా రాళ్లు తరగలేదు, లెక్కలు రాలేదు. ఆ తరవాత ఆమె బడికి వెళ్లలేదు.

హెడ్‌మిస్ట్రెస్‌ని అక్కడందరూ పెద్దమేడం అంటారు. నెరిసిన జుట్టు, నెమ్మదైన గొంతు. వీళ్లని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించింది. ఆమె చెయ్యి చూసి, "మందు రాయలేదా అమ్మా?" అని సొరుగులోంచి ట్యూబు తీసి స్వయంగా రాసింది. అంత పెద్దావిడ తన చెయ్యి పట్టుకునేసరికి ఆమె రెండో చేత్తో చెంగు సర్దుకుంది.

తరవాత పెద్దమేడమే దగ్గరుండి బడంతా తిప్పింది. కింది అంతస్తు మొత్తం ఆరో తరగతే, నాలుగు గదులు కిటకిటలాడుతున్నాయి. మేడ మీద చివరికి పదో తరగతి. అక్కడ రెండే గదులు. ఆ రెంట్లోనూ బెంచీకి ఇద్దరేసి, వెనక బెంచీలు ఖాళీ.

ఆమె మెట్ల దగ్గర ఆగిపోయింది.

"కింద అంతమంది ఉన్నారు కదండీ. మిగతా వాళ్లేరి?"

మేస్త్రీ ఆమె చెంగు పట్టి లాగాడు. పెద్దమేడం మాత్రం నవ్వు చెదరనివ్వలేదు.

"కొందరు ఊళ్లు మారతారమ్మా. కొందరికి ఈ చదువు బరువవుతుంది. పిల్లలకి ఏది మంచిదో అదే చెప్తాం. ఇక్కడి తల్లిదండ్రులు మా మాట కాదనరు. మీరూ అంతే కదా?"

"అంతేనండి" అన్నాడు మేస్త్రీ.

పెద్దమేడం ఆమె వైపే చూస్తూ నిలబడింది. ఒక్క క్షణం ఆలస్యంగా ఆమె కూడా తలాడించింది. ఆ తలాడింపు కోసమే ఆగినట్టు, పెద్దమేడం అప్పుడు మెట్లు దిగింది.

*

"ఇంకేం, తాళం తీసుకోవడమే" అన్నాడు మేస్త్రీ స్కూటరు తీస్తూ.

"పల్లం బడి కూడా చూద్దాం."

"దాన్ని చూసేదేముంది? రోజూ దాని గోడ పక్కనుంచే పోతాం."

"గోడే చూశాం. రెండూ చూడకుండా ఏది మంచిదో ఎలా చెప్తావు? టైలు కూడా రెండు కొట్టి చూసే కదా కొంటావు."

ఆ మాటకి అతను స్కూటరు పల్లం వైపు తిప్పాడు.

పల్లం బడి గోడలకి నడుము ఎత్తున నీటి చార ఉంది. వానాకాలంలో అంతదాకా నీళ్లొస్తాయి. మేస్త్రీ ఈసారి నేల కొట్టి చూడలేదు. కొట్టడానికి నేల లేదు, కంకర తేలిపోయింది. ఆఫీసు గదికి తాళం. వరండా చివర ఒక సైన్సు టీచరు రెండు సెక్షన్ల పదో తరగతినీ ఒకేచోట కూర్చోబెట్టి పాఠం చెబుతోంది. గొంతు బొంగురుపోయి ఉంది. పిల్లలు నేల మీద, కిటికీ గూట్లో, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నారు.

అందరివీ నీలం చొక్కాలు. వెనక గోడకి ఆనుకుని కూర్చున్న ఒక వరస మాత్రం మెరూన్.

ఆమె మొదట కళ్లు నులుముకుంది. పొద్దుటినుంచి ఆ రంగే చూస్తున్నాను కదా, అందుకని అనుకుంది. కానీ బొంగరం అప్పటికే గట్టిగా అనేసింది.

"అమ్మా, వీళ్లు ఆ బడి పిల్లలు కదూ! అదుగో గువ్వ!"

మెరూన్ వరసలో ఒక పిల్ల చటుక్కున తల దించి ముందున్నవాడి వీపు చాటుకి జరిగింది.

గువ్వ కరెంటాయన పెద్దకూతురు. కరెంటాయన మేస్త్రీతో కలిసి ఇళ్లలో వైరింగ్ పనులు చేసేవాడు. వీళ్ల వీధిలోనే ఉండేవాడు. నాలుగేళ్ల కిందట ఇద్దరు కూతుళ్లనీ తీసుకుని మిట్టకి మారాడు. ఆమెని చెల్లెమ్మా అని, మేస్త్రీని బావా అని పిలుస్తాడు. ఇప్పుడు ఖాళీ అయిన గది అతని పక్కదే. దాని సంగతి కబురుపెట్టిందీ అతనే. "మా గువ్వని చూడు బావా, ఇంగ్లీషులో కలలు కంటోంది" అని వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. పోయిన వారం కూడా చెప్పాడు.

గంట కొట్టాక గువ్వ తప్పించుకోబోయి, ఆమెకి ఎదురుగానే వచ్చి పడింది.

"అత్తా, నాన్నకి చెప్పకు."

"మీ నాన్నకి తెలీదా?"

"తెలుసు. నాన్నకి తెలుసని మీకు తెలీకూడదు."

పిల్ల ముక్కలు ముక్కలుగా చెప్పింది. అర్ధసంవత్సర పరీక్షల్లో లెక్కల్లో తక్కువొచ్చింది. పెద్దమేడం నాన్నని పిలిపించింది. కేకలెయ్యలేదు, టీ ఇప్పించింది. ఇక్కడ రాస్తే తప్పుతుంది, అక్కడైతే భయం లేకుండా రాసుకుంటుంది, మీ ఇష్టంతోనే తీసుకెళ్లండి అంది. నాన్న కాళ్లు పట్టుకోబోయాడు. అప్పుడు పెద్దమేడం, మీ చిన్నమ్మాయి ఏడో తరగతి కదా, బాగా చదువుతోంది, అని ఊరుకుంది. అంతే. నాన్న లేచి వచ్చేశాడు.

"యూనిఫారం మార్చుకోలేదేం?"

"పిల్లల్లో ఒక్కరు ఆ బడి మానేసినా మా ఓనరుగారు గది ఖాళీ చేయిస్తారు. పొద్దున్నే ఇదేసుకుని బయటికొస్తా. బస్టాపుదాకా నాన్న వస్తాడు. నేను బస్సెక్కేటప్పుడు అటు తిరిగి నిలబడతాడు."

బొంగరం తల్లి చేతిని గట్టిగా పట్టుకుంది. కాలిన చోటే పట్టుకుంది. ఆమె విడిపించుకోలేదు.

"నీకు ఎక్కడ రాయాలనుంది గువ్వా?"

పిల్ల తెల్లబోయి చూసింది. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబోలు. 

"అక్కడే. నా బెంచీ మీద."

సైన్సు టీచరు పుస్తకాలు సర్దుకుంటూ దగ్గరికొచ్చింది. పరీక్షకి పేర్లు పంపే ముందు ఏటా ఇలా ఒక మంద దిగుతుందని చెప్పింది. "మొద్దు పిల్లలని కాదమ్మా. కొంచెం అనుమానం వస్తే చాలు, దింపేస్తారు. బెదిరిపోయిన పిల్లల్ని రెండు నెలల్లో నేనేం నిలబెట్టను? ఇక్కడ తప్పుతారు. ఆ తప్పడం మా బడి ఖాతాలో పడుతుంది. అక్కడ మాత్రం అందరూ పాసే."

"పైవాళ్లకి చెప్పలేదా అండీ?"

"చెప్పాను. తల్లిదండ్రులే ఇష్టపడి తీసుకెళ్లారు కదా అన్నారు."

"మరి మా పిల్లని ఎక్కడ వెయ్యమంటారు?"

 చాక్‌పీసు పొడి అంటిన చేతులు టీచరు చీరకి తుడుచుకుంది.

"మా అమ్మాయి మిట్ట బడిలోనే చదువుతోందమ్మా. ఎనిమిదో తరగతి" అంది. "లెక్కల పరీక్ష ముందు దానికి జ్వరం వస్తుంది. నాకూ వస్తుంది."

*

సాయంత్రం కరెంటాయన ఖాళీ గది తలుపు తీసి లైటు వేశాడు. ఆర్పాడు. మళ్లీ వేశాడు.

"వైరింగంతా నేనే మార్చాను బావా. షాకు కొట్టదు."

అతనెప్పుడూ నోరు మూయని మనిషి. ఆ రోజు అంతకుమించి మాట్లాడలేదు. పక్కగది గుమ్మంలో చిన్నకూతురు హోంవర్కు చేసుకుంటోంది. తండ్రి దగ్గినా, కుర్చీ జరిపినా తలెత్తి చూస్తోంది.

"పెద్దదేదీ అన్నయ్యా?" అంది ఆమె.

"ట్యూషన్."

"నాకు పల్లం బడిలో కనిపించింది."

స్విచ్చి మీద అతని చెయ్యి అలాగే ఉండిపోయింది. తరవాత గోడకి జారగిలబడి కింద కూర్చున్నాడు. ఇంటి ఓనరుకి వినపడకుండా తలుపు దగ్గరికి వేసింది ఆమె.

"మాకెందుకు చెప్పలేదు?"

"ఎట్లా చెప్పను చెల్లెమ్మా? చిన్నది ఇంకా అక్కడే ఉందిగా. నేను నోరు తెరిస్తే దాన్నీ దింపేస్తారు." మొహం తుడుచుకున్నాడు. "అయినా మీ పిల్ల చురుకైంది. అది నిలబడుతుంది."

"గువ్వ గురించి కూడా నాలుగేళ్ల కిందట ఇదే మాట అన్నావు."

 మేస్త్రీ గోడవైపు తిరిగి, అవసరం లేకపోయినా మూల టైలు ఒకటి కొట్టి చూశాడు. బోలుగా మోగింది.

తిరిగి వెళ్లేటప్పుడు దారిలోనే మొగుడూ పెళ్లాం తగువుపడ్డారు.

"వాళ్లకైనట్టు మనకవుతుందనేముంది? మన బొంగరం అట్లాంటిది కాదు. రోజూ నేనే దగ్గర కూర్చోబెట్టి చదివిస్తా" అన్నాడు మేస్త్రీ.

"నీకు తెలిసిన లెక్కలు చదరపు అడుగులేగా."

"పోనీ పల్లంలో వేద్దామా? నువ్వు చదివావుగా, ఏమైంది? దుప్పట్లు ఉతుకుతున్నావు."

"ఉతకట్లేదు. ఇస్త్రీ చేస్తున్నా" అంది ఆమె. 

ఆ మాట ఆమెకి గుచ్చుకుందని అతనికి తెలిసింది. ఇంటిముందు స్కూటరు ఆపి, దిగకుండా, "నేనేదో భయంతో అన్నాను" అన్నాడు.

"నాకూ భయంగానే ఉంది" అంది ఆమె. "ఆ పెద్దావిడ నాకు మందు రాసింది చూడు. గువ్వ వాళ్ల నాన్నకి టీ ఇప్పించింది. ఆవిడ ఒక్క చెడ్డమాట అనలేదు ఎవర్నీ. అదే నాకు భయం. రేపు మనల్నీ అట్లాగే కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పిల్లని పంపేస్తుంది. మనమే థాంక్సండీ అని చెప్పి వస్తాం."

మేస్త్రీ దిగి స్కూటరుకి స్టాండు వేశాడు.

"తాళానికి ఇంకా ఒప్పుకోకు. పొద్దున్నే నేనొకసారి వెళ్లొస్తా" అంది.

*

మర్నాడు ఉదయం ఆమె బొంగరాన్ని వెంటబెట్టుకుని మిట్ట మీది బస్టాపుకి వెళ్లింది. ఎందుకు వెళ్తోందో తనకే సరిగ్గా తెలీదు. గువ్వని ఒకసారి చూడాలనిపించింది, అంతే.

కరెంటాయన, గువ్వ అప్పటికే నిలబడి ఉన్నారు. మెరూన్ చొక్కాలు మరికొన్ని కూడా ఉన్నాయి, ఒకరి పక్కన ఒకరు, ఒకరినొకరు ఎరగనట్టు. రోడ్డుకి అవతలే మిట్ట బడి గేటు. పిల్లలు గుంపులుగా లోపలికి వెళ్తున్నారు. అదే రంగు, అదే కుట్టు. ఈ పిల్లలు మాత్రం పల్లానికి దిగే బస్సు కోసం చూస్తున్నారు.

బస్సు వచ్చింది. కరెంటాయన అలవాటుగా అటు తిరిగాడు. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కారు. గువ్వ మెట్టు దాకా వెళ్లి ఆగింది.

"ఎక్కు పాపా, టైమవుతోంది" అన్నాడు కండక్టరు.

"నేనెక్కను."

కరెంటాయన ఇటు తిరిగాడు. "ఎక్కమ్మా. నా తల్లివి కదూ."

"ఎక్కను నాన్నా. నిన్న అత్త అడిగింది. ఎవరూ అడగలేదు, అత్త అడిగింది." పిల్ల ఏడుస్తోంది, కానీ కాళ్లు కదల్లేదు. "నేను తప్పితే అక్కడే తప్పుతా."

"చెల్లెలి సంగతి ఆలోచించవే!"

కండక్టరు ఈల వేశాడు. బస్సు వెళ్లిపోయింది. కిటికీల్లోంచి మెరూన్ పిల్లలు వెనక్కి చూస్తూనే ఉన్నారు.

గువ్వ రోడ్డు దాటింది. ఆమె ఒక్క క్షణం అక్కడే నిలబడింది. ఇప్పుడు ఆ పిల్లతో గేటు దాకా వెళ్తే బొంగరానికి ఆ బడిలో సీటు ఉండదు. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్కన కూతురు ఆ గేటునే, లోపలి పచ్చికనే చూస్తోంది.

"అమ్మా, గువ్వ ఒక్కతే వెళ్తోంది" అంది బొంగరం.

ఆమె కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది.

వాచ్‌మన్ గువ్వని చూసి గేటు సగం మూశాడు. "నీకిక్కడ పేరు లేదమ్మా. వెళ్లు. నా ఉద్యోగం తియ్యకు." గువ్వ వెళ్లలేదు. చువ్వలు పట్టుకుని నిలబడింది. లోపల ప్రార్థన గంట మోగింది. పిల్లలు వరసల్లో నిలబడుతున్నారు.

పెద్దమేడం నెమ్మదిగా నడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది. గువ్వని కాదు, ముందు ఆమెని చూసింది. గుర్తుపట్టింది.

"చెయ్యి తగ్గిందా అమ్మా?"

"తగ్గిందండి."

"మీరు మీ పాప సీటు కోసం వచ్చినట్టున్నారు. లోపలికి రండి. ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

గొంతు నిన్నటిలాగే మెత్తగా ఉంది. ఏమీ కాదండీ అంటే చాలు, గేటు తెరుచుకుంటుంది. ఆమె చెమట పట్టిన అరచేతిని చీరకి రాసుకుంది.

"మేనకోడలండి" అంది. "దాని బెంచీ ఖాళీగానే ఉంది. నిన్న నేను చూశాను."

పెద్దమేడం మొహంలో నవ్వు ఉంది కానీ చూపు అక్కడ లేదు. ఆవిడ మైదానం వైపు తిరిగింది, ఎవరినో వెతుకుతున్నట్టు. వరసలన్నీ వేదిక వైపు తిరిగి నిశ్చలంగా ఉన్నాయి. ప్రార్థన మొదలైంది. ఏడో తరగతి వరసలో ఒకే ఒక్క పిల్ల వేదికకి వీపు పెట్టి, గేటు వైపు తిరిగి నిలబడింది. గువ్వ చెల్లెలు.

డ్రిల్లు మాస్టారు విజిల్ మెడలోంచి తీసి చేతిలో పట్టుకుని, ఆ వరసలోకి నడవడం మొదలుపెట్టాడు. చిన్నది అతన్ని చూసింది. చూసి కూడా ముందుకి తిరగలేదు.